అయిదో రాత్రి కోసం కట్టిన గది

గదిని ఎంత శ్రద్ధగా కట్టారో తెలుసుకోవాలంటే నేను పరుపు నొక్కి చూడను, వంటగట్టు కింద సొరుగు లాగి చూస్తాను. అమెరికాలో ‘ఎక్స్‌టెండెడ్ స్టే’ అనే రకం హోటళ్లున్నాయి. ఉద్యోగం మీద కొత్తగా దిగినవాళ్లను చాలా కంపెనీలు మొదటి రెండు వారాలో, నెలో ఉంచేది వీటిల్లోనే. వాటిలో మంచి గది సొరుగులో చెంచాలు, ఫోర్కులతో పాటు ఒక కత్తి, తొక్క తీసే పీలరు, అట్లకాడ, డబ్బా మూత కోసే ఓపెనరు ఉంటాయి. కింది అరలో మూతలున్న గిన్నెలు, ఒక పెనం, ఒక చిల్లుల గిన్నె. ఏదీ ఖరీదైన సరుకు కాదు. కానీ ఆ ఓపెనరు ఉందంటే, ఒక రోజంతా విమానాల్లో గడిపి వచ్చినవాడు ఆ రాత్రి కూరలు తరగడనీ, ఎదురు దుకాణంలో శనగల డబ్బా ఒకటి కొనుక్కొస్తాడనీ, దాన్ని తెరవడానికి ఏమీ లేక చేతిలో పట్టుకుని నిలబడిపోతాడనీ ఎవరో ముందే ఊహించారన్నమాట. చిల్లుల గిన్నె పాస్తా వార్చుకోవడానికి పెట్టారు. మనవాళ్లు దాంట్లో అన్నం వారుస్తారు, ద్రాక్షపళ్లు కడుగుతారు, ఒక్కోసారి మొలకలు కూడా కట్టుకుంటారు.

మామూలు హోటల్ గదిని ఒక రాత్రి లెక్కన కడతారు. మంచం, టీవీ, స్నానాలగది, పొద్దున్నే ప్రయాణం. అందులో మూడు రోజులుంటే గది మనమీద కక్ష కట్టినట్టు అనిపిస్తుంది. ఉతకాల్సిన బట్టలు పెట్టడానికి చోటుండదు, సగం మిగిలిన పెరుగు డబ్బా పెట్టడానికి చోటుండదు, పిల్లాడు నిద్రపోతే మిగతావాళ్లు చీకట్లో కూర్చోవాలి. ఎక్స్‌టెండెడ్ స్టే వ్యాపారం అయిదు రాత్రులూ ఆపైన ఉండేవాళ్లను తన లెక్కలోకి తీసుకుంటుంది. అయిదో రాత్రికి మనిషికి ఏం కావాలి అన్న ప్రశ్న నుంచి గదిని వెనక్కి గీసుకుంటూ వస్తే ఏమవుతుందో, ఈ గదులు చూస్తే తెలుస్తుంది.

ఆ ప్రశ్న వేసుకున్నవాడు హోటల్ మనిషి కాకపోవడమే ఇందులో విశేషం. జాక్ డిబోర్ అపార్టుమెంట్లు కట్టేవాడు. కాన్సస్ రాష్ట్రంలోని విచిటా అతని ఊరు. 1970ల మొదట్లో అమెరికాలోనే పెద్ద అపార్టుమెంటు బిల్డర్లలో ఒకడు. 1973-74లో వడ్డీలు పెరిగి, చమురు సంక్షోభం వచ్చి, ఆ వ్యాపారం కుప్పకూలింది. దివాలా అంచుదాకా వెళ్లాడు. ఆ తర్వాతే, 1975లో, విచిటాలో మొదటి రెసిడెన్స్ ఇన్ హోటల్ తెరిచాడు. విచిటా అప్పట్లో సెస్నా, బీచ్‌క్రాఫ్ట్, లియర్‌జెట్ విమానాలు తయారయ్యే ఊరు. అలాంటి చోటికి వారాల తరబడి పనిమీద వచ్చిపోయేవాళ్లకు కొదవ ఉండదు. 1987లో మారియట్ సంస్థ రెసిడెన్స్ ఇన్‌ని కొనేసింది. డిబోర్ ఊరుకోలేదు. సమ్మర్‌ఫీల్డ్ స్వీట్స్, 1995లో కాండిల్‌వుడ్, 2003లో వాల్యూ ప్లేస్ (ఇప్పుడది వుడ్‌స్ప్రింగ్) పెట్టాడు. 2021లో చనిపోయేనాటికి ఒకే వస్తువును వేర్వేరు ధరల్లో, వేర్వేరు రకాలుగా చెక్కి చూసినవాడు. ఒక్కోసారి చెక్కినప్పుడు ఏం తీసేశాడు, ఏం ఉంచాడు అన్నది గమనిస్తే అతని పనితనం బయటపడుతుంది.

తొలినాటి రెసిడెన్స్ ఇన్‌లు ఇంకా కొన్ని ఊళ్లలో మిగిలి ఉన్నాయి. అవి చూడటానికి హోటళ్లలా ఉండవు. ఒక పెద్ద భవనం, మధ్యలో పొడవాటి వరండా, అటూ ఇటూ తలుపులు - ఆ పద్ధతే లేదు. రెండంతస్తుల చిన్న చిన్న ఇళ్లు, ఒక్కో దాంట్లో ఎనిమిది గదులు, వాటి మధ్య చెట్లు, నడకదారులు. ప్రతి గదికీ బయటినుంచే తలుపు. కారు దాదాపు గుమ్మం ముందే ఆగుతుంది. పై గదుల్లో కొన్నిటికి లోపల మెట్లుండి అటకలా పై పడకగది ఉంటుంది. చలిమంట వేసుకునే పొయ్యి కూడా చాలా గదుల్లో ఉండేది. రిసెప్షన్ ఉన్న చోటికి గేట్‌హౌస్ అని పేరు పెట్టారు. పొద్దున ఫలహారం అక్కడే, సాయంత్రం నలుగురూ కూర్చునేదీ అక్కడే. అపార్టుమెంట్ల మనిషి కనుక హోటల్ని కూడా అపార్టుమెంట్ల కాలనీలాగే గీశాడు. అవసరమైతే రేపు అద్దెకిచ్చుకోవచ్చన్న ముందుచూపు కూడా ఆ గీతల్లో ఉందేమోనని నాకు అనుమానం.

బయటికి తలుపుండటం ఎంత పెద్ద సంగతో మనవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మనిషికి రెండు చొప్పున 23 కిలోల పెట్టెలు, నలుగురి కుటుంబమైతే ఎనిమిది పెట్టెలు, చేతి సంచులు వేరే. వాటిని లిఫ్టులో మూడు విడతలుగా తోసుకెళ్లే బాధ లేదు. అంతకంటే ముఖ్యం వాసన. చారు కాచినా, వెల్లుల్లి వేయించినా, ఆ వాసన తలుపు తీయగానే చెట్లలోకి పోతుంది. తర్వాతి తరం కట్టడాల్లో భూమి ఖరీదు, భద్రత, చలి, ఇన్ని లెక్కలు చూసుకుని ఒకే భవనం, లోపలి వరండా పద్ధతికి వచ్చేశారు. మూడో అంతస్తులో ఎవరి గదిలో ఏం వండారో లిఫ్టు తెరుచుకోగానే తెలిసిపోతుంది. పక్కవాళ్లు ఏమంటారోనని తలుపు సందు కింద తువ్వాలు చుట్టి పెట్టే అలవాటు ఈ రెండో తరం భవనాలతోనే మొదలై ఉంటుంది.

ఈ గదుల అవసరం కొత్తగా వచ్చినవాళ్లకు ఎందుకంత గట్టిగా పడుతుందో ఒక్కమాట చెప్పాలి. అమెరికాలో అపార్టుమెంటు అద్దెకివ్వాలంటే సాధారణంగా సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతారు, క్రెడిట్ చరిత్ర చూస్తారు, జీతం అద్దెకు మూడు రెట్లుందని చూపించే పే స్టబ్బులు అడుగుతారు, ఏడాది లీజు రాయించుకుంటారు. నిన్న దిగినవాడి దగ్గర వీటిలో ఒక్కటీ ఉండదు. నంబరు చేతికి రావడానికే రోజులు పడుతుంది, మొదటి జీతానికి ఇంకొన్నాళ్లు. హోటల్ మాత్రం పాస్‌పోర్టు, ఒక కార్డు చూసి తాళం ఇస్తుంది. బ్యాంకు కార్డు రావడానికి చిరునామా కావాలి. హోటల్ చిరునామా, గది నంబరు రాస్తే ఉత్తరం ఫ్రంట్ డెస్కుకు వస్తుంది. నివాసం లేనివాడికి నివాసపు మొదటి ఆధారం ఇదే అవుతుంది.

ఇక వంట దగ్గరికి వద్దాం. నా దృష్టిలో ఈ గదుల అసలు శిల్పం అక్కడే ఉంది, లోపం కూడా అక్కడే ఉంది.

మొదటి మెచ్చుకోలు ఫ్రిజ్‌కి. మామూలు హోటల్లో మోకాలెత్తు బుల్లి ఫ్రిజ్ ఉంటుంది, దాంట్లో రెండు నీళ్లసీసాలు పెడితే నిండిపోతుంది. రెసిడెన్స్ ఇన్, కాండిల్‌వుడ్ గదుల్లో మనిషెత్తు ఫ్రిజ్ పెడతారు, పైన వేరే తలుపుతో ఫ్రీజర్. పాల గ్యాలన్, పెరుగు డబ్బా, వారానికి సరిపడా కూరగాయలు, మిగిలిన పప్పు గిన్నె - అన్నీ పడతాయి. ఉన్న కొద్దిపాటి చోటులో అంత జాగా ఫ్రిజ్‌కిచ్చి, డిష్‌వాషర్‌ని మాత్రం చాలా చోట్ల 18 అంగుళాల సన్నరకం పెడతారు; ఇళ్లల్లో వాడేది 24 అంగుళాలు. ఇదీ తూకం అంటే. ఇద్దరు మనుషుల పళ్లేలకు సన్నది చాలు, కానీ ఇద్దరి వారం తిండికి చిన్న ఫ్రిజ్ చాలదు.

పొయ్యి విషయంలో మాత్రం తూకం మనవైపు మొగ్గలేదు. పాతవాటిల్లో చుట్టలుచుట్టిన కాయిల్ పొయ్యి, తర్వాతవాటిల్లో నున్నటి గాజుపలక పొయ్యి, రెండూ కరెంటువే. గ్యాసు మీద పెరిగిన చేతికి కరెంటు పొయ్యి మాట వినదు. మంట తగ్గించామనుకుంటాం, కాయిల్ మాత్రం ఇంకా ఎర్రగానే ఉంటుంది. ఆవాలు చిటపటలాడేలోపు మిరపకాయలు నల్లబడతాయి. పోపు పెట్టాలంటే నాబ్ తిప్పితే చాలదు, గిన్నెనే ఎత్తి పక్కకు పెట్టాలి. గుండ్రటి అడుగున్న మూకుడు గాజుపలక మీద ఊగుతుంది. ఇంటినుంచి తెచ్చిన మిక్సీ సంగతి సరేసరి: అది 230 వోల్టుల మోటారు, ఇక్కడి సాకెట్లో వచ్చేది 120. మిక్సీ మూలుగుతుంది గానీ పచ్చడి నలగదు. వీటిల్లో ఏదీ గది కట్టినవాళ్ల తప్పు కాదు. వాళ్లు సాసేజీ వేయించుకునేవాణ్ణి మనసులో పెట్టుకుని కట్టారు.

తప్పు ఉన్నది పొయ్యి పైన. చాలా గదుల్లో చిమ్నీ ఫ్యాను పొగను బయటికి పంపదు. జిడ్డును పట్టే జాలీ, బొగ్గు ఫిల్టరు మీదుగా గాలిని లాగి మళ్లీ గదిలోకే వదిలేస్తుంది. గోడకు కన్నం పెట్టి బయటికి గొట్టం వేయాలంటే ఖర్చు, అన్ని గదులకూ అన్ని కన్నాలు, చలికాలంలో వేడి బయటికి పోవడం. కారణాలన్నీ సబబే. ఫలితం మాత్రం ఎండుమిర్చి ఘాటు తెర గుడ్డలకు పట్టేసి నాలుగు రోజులుంటుంది.

స్మోక్ అలారం కథ వేరు. అది మంచి పనితనానికి ఉదాహరణే, కాకపోతే దాని మంచితనం మోగినప్పుడు మనకు కనబడదు. పొయ్యికి సాధారణంగా కనీసం 10 అడుగుల దూరంలో అలారం ఉండాలన్నది అక్కడి అగ్నిమాపక ప్రమాణాల ఉద్దేశం. గది మొత్తం చూస్తే ఆ దూరం పొయ్యికీ మంచానికీ మధ్య ఉండీ లేనట్టుంటుంది. అందుకని సన్నటి కణాలకు ఊరికే కేకవేసే పాతరకం కాకుండా, వెలుగు కిరణం చెదిరినప్పుడు మోగే ఫొటోఎలక్ట్రిక్ రకాన్ని వంట దగ్గర వాడమంటారు. చాలా చోట్ల గదిలోని అలారం ఆ గదిలోనే మోగుతుంది, భవనం మొత్తాన్నీ లేపదు. భవనాన్ని లేపేది వరండాలోదీ, నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్‌దీ. నిద్రపోయే గదుల్లో మోత 520 హెర్ట్జ్ చుట్టూ, బొంగురుగా ఉండాలని 2014 నుంచి నిబంధన వచ్చింది. కీచుగొంతు అలారానికి లేవని పిల్లలూ, చెవి సరిగా వినపడని పెద్దవాళ్లూ బొంగురు మోతకు మేలుకుంటారని తేలింది మరి. పొద్దున పోపు పెట్టి, పొగ తేలి, అలారం మోగి, మంచమెక్కి పత్రికతో అలారం కింద విసరడం తెలుగువాళ్ల అమెరికా జీవితంలో ఒక సంస్కారంగా స్థిరపడింది. దాన్ని ప్లాస్టిక్ సంచితో మూసేసేవాళ్లూ ఉన్నారు. ఆ పని మాత్రం చెయ్యొద్దు. అది మోగేది పోపు కోసం కాదు.

పడకల దగ్గర నాకు ఒక ఫిర్యాదుంది. హోటళ్లలో మంచం కింద ఖాళీ ఉంచరు. నేలదాకా చెక్కపెట్టెలా మూసేస్తారు. ఊడ్చే పని తగ్గుతుంది, వస్తువులు కిందికి దొర్లిపోవు. ఒక రాత్రి గదికి అది తెలివైన పనే. నెల ఉండేవాడికి ఆ చెక్కపెట్టె అడ్డం. ఎనిమిది సూట్‌కేసులు దాచడానికి మంచం కిందిని మించిన చోటు ఏముంటుంది? అవి గోడవారగా పేరుకుని, పిల్లలకు కొండలై, పెద్దలకు బట్టలారేసుకునే దండేలవుతాయి. ఇంత ఆలోచించినవాళ్లు ఈ ఒక్కటీ ఎందుకు పాత హోటల్ పద్ధతిలోనే వదిలేశారో అర్థం కాదు.

సేవల్లో డిబోర్ చేసిన పని మరింత సూక్ష్మమైంది. రెసిడెన్స్ ఇన్‌లో ఒక ఏర్పాటుంది. పొద్దున వెళ్లేటప్పుడు కావలసిన సరుకుల చీటీ డెస్కు దగ్గర ఇచ్చి వెళితే, సాయంత్రానికి సరుకులు గది ఫ్రిజ్‌లో ఉంటాయి, వాటి ఖరీదు బిల్లులో కలుస్తుంది. కారు లేనివాడికి, ఊళ్లో ఏ దుకాణం ఎక్కడుందో తెలియనివాడికి అది చిన్న సాయం కాదు. కరివేపాకు తేరు, నిజమే. పాలు, ఉల్లిపాయలు, గుడ్లు, బియ్యం తెస్తారు. ఆ నాలుగూ ఉంటే మొదటి వారం గడుస్తుంది.

కాండిల్‌వుడ్ దగ్గరికి వచ్చేసరికి అతను మనుషుల్ని తగ్గించాడు, నమ్మకాన్ని పెంచాడు. రెస్టారెంటు లేదు. దాని బదులు కప్‌బోర్డ్ అనే చిన్న కొట్టు. కావలసింది తీసుకుని ఖాతాలో మనమే రాసుకోవాలి, కూర్చుని చూసేవాళ్లు ఎవరూ లేరు. బట్టలుతికే యంత్రాలకు డబ్బు అడగరు. ఇది విన్నంత చిన్న విషయం కాదు: పావు డాలరు బిళ్లల కోసం రాత్రి తొమ్మిదింటికి మార్కెట్లు తిరిగినవాళ్లకు తెలుస్తుంది. గది శుభ్రం చేసేది వారానికోసారి. హోటల్‌కది పొదుపు. ఉండేవాడికి కూడా అది మేలేనని నా అభిప్రాయం. రోజూ ఎవరో వచ్చి మన దిండ్లు సర్దుతుంటే అది మన ఇల్లని ఎప్పటికీ అనిపించదు. వాల్యూ ప్లేస్‌లో ఇంకా కింద ధరకు దిగాడు: వారం లెక్కన అద్దె, గిన్నెలు కూడా గదిలో పెట్టరు, కావాలంటే విడిగా కొనుక్కోవాలి. అంటే మొదట మనం చూసిన సొరుగు అక్కడ ఖాళీ. ధర తగ్గించే కత్తి చివరికి ఎక్కడ పడుతుందో ఆ ఖాళీ సొరుగు చెబుతుంది.

రోజుల లెక్కకు కూడా ఒక చెక్కడముంది. ఈ హోటళ్లలో ధర మెట్లుమెట్లుగా దిగుతుంది: వారంలోపు ఒకటి, వారం దాటితే ఒకటి, నెల దాటితే ఇంకొకటి. టెక్సస్‌లోనైతే హోటల్ బస మీద రాష్ట్రం 6 శాతం పన్ను వేస్తుంది, దాని మీద ఊళ్ల పన్ను వేరే. వరసగా 30 రోజులు లేదా అంతకు మించి ఉంటామని ముందే రాసి ఇస్తే ఆ పన్ను పడదు. రాసి ఇవ్వకపోతే 30 రోజుల దాకా కట్టాల్సిందే, ఆ తర్వాతే మినహాయింపు. నాలుగు వారాలని బుక్ చేసుకుని రెండు రోజులు అదనంగా ఉండాల్సి వచ్చినవాళ్లు ఈ సంగతి ఆలస్యంగా తెలుసుకుని నాలుక కరుచుకుంటారు. అదే 30 రోజుల గీతకు కొన్ని రాష్ట్రాల్లో ఇంకో అర్థముంది. అది దాటితే అతిథి కాస్తా అద్దెదారుడవుతాడు, ఖాళీ చేయించాలంటే కోర్టుకెళ్లాలి. అందుకని కొందరు హోటల్ యజమానులు 28వ రోజున ఖాళీ చేయించి, ఒక రాత్రి బయట ఉంచి, మళ్లీ చేర్చుకునేవాళ్లు. నివాస హోటళ్లలో ఆ ఎత్తుగడను కాలిఫోర్నియా చట్టంతో నిషేధించింది.

కంపెనీ ఖర్చు భరించనివాళ్ల సంగతి? వాళ్లకోసం మనవాళ్లు కట్టుకున్న రకం ఒకటుంది, దానికి ఆర్కిటెక్టు ఎవరూ లేరు. చదువుకోసం వచ్చే పిల్లల్ని సీనియర్లు ఎయిర్‌పోర్టు నుంచి తెచ్చుకుని తమ ఫ్లాటు హాల్లో కార్పెట్ మీద పడుకోబెడతారు. దాన్నే ‘టెంపరరీ అకామడేషన్’ అంటారు. చాలా యూనివర్సిటీల్లో భారతీయ విద్యార్థి సంఘాలు దీనికి ఫారాలు నింపించుకుని పిల్లల్ని పంచుతాయి. కన్సల్టెన్సీలు నడిపే గెస్ట్ హౌసులు ఇంకోరకం. ప్రాజెక్టు దొరికేదాకా రెండు పడకగదుల ఫ్లాటులో ఏడెనిమిదిమంది, ఒక పెద్ద కుక్కర్, వంతులవారీగా వంట. అక్కడి గోడ మీద వంటల పట్టీ, బాత్రూంకి వేళలు రాసిన కాగితం చూసినవాళ్లకు డిబోర్ గేట్‌హౌస్ కొత్తగా అనిపించదు. కొత్తవాడికి గదికంటే ముందు, ఏ బ్యాంకుకు వెళ్లాలో, డ్రైవింగ్ పరీక్షకు ఏం తీసుకెళ్లాలో చెప్పే మనిషి కావాలి. హోటల్ సాయంత్రాల పానీయాల గంటతో ఆ లోటు తీర్చాలని చూస్తుంది. సీనియర్ హాలు అడక్కుండానే తీరుస్తుంది, కాకపోతే నిద్ర పట్టనివ్వదు.

ఈ మధ్య వచ్చిన గదుల్లో నాకు నచ్చని మార్పు ఒకటి కనిపిస్తోంది. కొన్ని కొత్త రకాల్లో, హిల్టన్ వాళ్ల హోమ్2 స్వీట్స్ లాంటివాటిల్లో, గట్టులో పొయ్యే లేదు. ఫ్రిజ్, మైక్రోవేవ్, సింకు, డిష్‌వాషర్ ఉంటాయి. పొయ్యి కావాలంటే డెస్కుకు ఫోన్ చేస్తే చేత్తో మోసుకెళ్లే ఇండక్షన్ పలక ఒకటి ఇస్తారు. రోజూ వండనివాళ్లే ఎక్కువని లెక్క తేలి ఉంటుంది, గది శుభ్రం చేయడం తేలిక, అలారం మోతలు తగ్గుతాయి. కానీ గదిలో పొయ్యి ఉండటం వేరు, అడిగి తెచ్చుకోవడం వేరు. అడిగి తెచ్చుకునే పొయ్యి మీద ఎవరూ రెండుపూటలా వండరు. రెండోరోజు నుంచి బయటి తిండే. దానికి తోడు ఇండక్షన్ పలక మీద అల్యూమినియం గిన్నె వేడెక్కదు, ఇనుము కలిసిన అడుగే కావాలి. హైదరాబాదులోనో విజయవాడలోనో పెట్టె సర్దేటప్పుడు అమ్మ అట్టడుగున, తువ్వాలులో చుట్టి పెట్టే మూడు లీటర్ల కుక్కర్ చాలావరకు అల్యూమినియందే. బయలుదేరే ముందు ఫ్రిజ్ మీది బొమ్మ అయస్కాంతం తీసి దాని అడుగున అంటించి చూడండి. జారిపోతే ఆ కుక్కర్ ఇంట్లోనే ఉంచి, ఇండక్షన్ అడుగున్న స్టీలుది పెట్టుకోండి. గాజుపలకైనా, కాయిలైనా, డెస్కువాళ్లిచ్చే పలకైనా అది మూడింటిమీదా ఉడుకుతుంది.